ఇనుము తగలని గీత

నా ఉద్యోగం చివరి ఏడాది, ఆశ్వయుజంలో, వానలు ఇంకా పూర్తిగా సెలవు తీసుకోని రోజుల్లో, నాకు పై ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను కడపలో డిప్యూటీ ఇంజనీరును. నదుల్లో నీళ్ళు కొలిచే విభాగం మాది. కాలువలు తవ్వేవాళ్ళకు, ఆనకట్టలు కట్టేవాళ్ళకు ఉన్న పేరు మాకు లేదు. వాళ్ళు కట్టేముందు ఎన్ని నీళ్ళు వస్తాయో చెప్పేది మాత్రం మేమే. ఉత్తర్వులో ఉన్న పని ఒకటే. కుందేరు ఎక్కడ పుడుతుందో చూసి, ఆ చోటును గుర్తించి, నివేదిక ఇవ్వాలి. అక్కడ రాయి పాతుతారు, మెట్లు కడతారు, జనం వచ్చి చూసేటట్టు చేస్తారు.

కాగితం చదివి చాలాసేపు కుర్చీలో అట్లాగే కూర్చుండిపోయాను. అటెండరు తెచ్చిన టీ చల్లారిపోయింది. నాకు సంతోషమేసింది. ఆఫీసు కాగితం చూసి సంతోషించడం నా సర్వీసులో అరుదు కాబట్టి ఆ పూట ఇంకా గుర్తుంది.

కారణం చెప్పాలంటే కొత్తలో చేరిన రోజులకు పోవాలి. నా మొదటి పోస్టింగు కమలాపురం దగ్గర. కుందేరు వచ్చి పెన్నలో కలిసేది ఆ చుట్టుపక్కలే. ఏటి ఒడ్డున తెలుపు నలుపు గీతలతో అంకెలు వేసిన స్తంభాలు పాతి ఉంటాయి. వాటిని గేజ్ అంటాం. నీళ్ళు ఏ గీతను తాకుతున్నాయో రోజూ వేళకు చూసి రాయడానికి గేజ్ రీడరు ఉంటాడు. ఏరు పారేటప్పుడు వంతెన మీది నుంచి కరెంట్ మీటరు దించుతాం. పేరు విని కరెంటు అనుకోకండి. అది చిన్న గిన్నెలు అమర్చిన చక్రం, నీటి వేగానికి తిరుగుతుంది. ఆ చుట్లు లెక్కబెట్టి, ఏటి వెడల్పుతో, లోతుతో కలిపి చూస్తే ఎంత నీరు పోతోందో తెలుస్తుంది. ఎండాకాలంలో నీళ్ళుండవు. అయినా ఒడ్డుకు పోవాలి, గేజ్ చూడాలి, నిల్ అని రాయాలి. బయటివాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుంది. లేని నీళ్ళను కొలవడానికి గవర్నమెంటు జీతమిస్తుందా అని మా మామగారు పెళ్ళిచూపుల్లోనే అడిగారు.

ఆ ఎండాకాలపు సాయంత్రాల్లో నేను ఇసుకలో కూర్చుని పైకి, అంటే ఏరు వచ్చే వైపుకు చూస్తూ ఉండేవాణ్ణి. ఈ నీళ్ళు ఎక్కడ బయల్దేరుతాయి? మొదటి చుక్క ఎట్లా ఉంటుంది? నా ఊహలో కుందేరు అహోబిలం కోనల్లాంటి చోట పుట్టేది. బండ చీలిక, పాకుడు పట్టిన గోడ, పైన చెట్ల నీడ, ఎక్కడో పక్షి కూత, ఆ చల్లటి చీకట్లోంచి దారం లాగా జారే నీరు. చాలా ఏండ్లు ఆ కోన కలలో కూడా వచ్చేది. కలలో నేను ఎప్పుడూ దానికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయేవాణ్ణి, ఆలోగా మెలకువ వచ్చేసేది. నిజంగా పోయి చూసింది మాత్రం లేదు. రోజూ ఎక్కే బస్సు ఏ డిపోలో బయల్దేరుతుందో ఎవరు చూడబోతారు.

మా ఎస్.ఈ. గారు, అంటే నాకన్నా రెండు మెట్లు పైన ఉండే సూపరింటెండింగ్ ఇంజనీరు, ఫోను చేసి పని సులువు చేశారు. ఓర్వకల్లు వైపు గుట్టల్లో ఒక కోన ఉందట, వానాకాలం జలపాతం కూడా ఉంటుందట, చోటు పెద్దలు ఎప్పుడో ఎంచుకున్నారట. నేను పోయి చూసి సంతకం పెడితే చాలునన్నారు. ఆయన కోన అనగానే నా కల నిజమైందనుకున్నాను.

తోడు వర్క్ ఇన్‌స్పెక్టరు ఓబులేసు వచ్చాడు. సొంత ఊరు కమలాపురమే. నేను చేరిన కొత్తలో మీటరు దించడం నేర్చుకున్నది ఇద్దరం కలిసే. పదవిలో నాకన్నా చాలా కింద, మాటల్లో చాలా పైన. జీపులో పెద్ద రోడ్డు పట్టుకుని పోతే సగం రోజు ప్రయాణం. నేను అట్లా వద్దన్నాను. కమలాపురం నుంచే మొదలుపెట్టి ఏటి పక్కనే, దొరికిన దారుల్లో పైకి పోదామన్నాను. ఓబులేసు నా ముఖం చూసి, "రిటైరయ్యే ముందర సారుకు పెండ్లికళ వచ్చినాది," అన్నాడు.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ నిద్రలో చేసినట్టే ఉంటుంది. ఆకాశం మూసుకుని ఉంది. ఎండ లేదు, వాన లేదు. కమలాపురం దగ్గర కుందేరు ఎర్రగా, నిండుగా, ఈ గట్టున పిలిస్తే ఆ గట్టున వినబడనంత వెడల్పుగా పారుతోంది. ప్రొద్దుటూరు పక్కగా పోయాం. కోయిలకుంట్ల దగ్గర నల్లరేగడి చేలు తడిసి నిగనిగలాడుతున్నాయి. నంద్యాల వంతెన మీద దిగి చూశాను. ఏరు అప్పటికే సగమైంది. అక్కడి నుంచి దారి అడిగిన ప్రతిచోటా అది ఇంకొంచెం చిక్కిపోయింది. ఒకచోట బర్రెలు మోకాలి లోతులో దాటుతున్నాయి. ఒకచోట మనిషి పంచె ఎత్తిపట్టుకుని దాటుతున్నాడు. ఇంకొకచోట చిన్న పాప గెంతి అవతలికి దూకింది. పెద్దమనిషి ఒకాయన నా కళ్ళ ముందే చిన్నవాడవుతూ, మాటలు మరిచిపోతూ, చివరికి పాకడం మొదలుపెట్టినట్టు అనిపించింది. జీపులో ఎవరం మాట్లాడలేదు. ఓబులేసు కూడా మాట్లాడలేదంటే ఆ పూట ఎట్లా ఉండిందో మీరే ఊహించుకోండి.

మర్నాడు ఉదయం ఉగ్గాని బజ్జీ తిని కోనకు పోయాం. జనం వదిలిపోయిన సీసాలు, ప్లాస్టిక్ కవర్లు పక్కన పెడితే అందమైన చోటే. బండ చీలిక ఉంది, పాకుడు ఉంది, నీళ్ళు ఉన్నాయి. నేను కలలో చూసిన దానికి తక్కువేమీ లేదు. అక్కడే కాసేపు నిలబడిపోయాను. కానీ మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే సరిపోదు, ఎటు పోతున్నాయో కూడా చూడాలి. నీళ్ళ వెంబడి రాళ్ళమీద జారుకుంటూ కిందికి దిగాం. కొంతదూరం తూర్పుగానే పోయిన ఆ వంక, అంటే వాగు, ఒక గుట్టను చుట్టుకుని మెల్లగా పడమటికి తిరిగింది. ఆ పైన వెనక్కి రానే లేదు. పడమరకు పోయే నీళ్ళు హంద్రీలో, అక్కడి నుంచి తుంగభద్రలో, కృష్ణలో కలుస్తాయి. కుందేరుకు వాటితో చుట్టరికం లేదు.

"ఇది మన కుందేరు కాదు సార్. పక్కింటోల్ల పిల్ల," అన్నాడు ఓబులేసు. "ఇంతమంది పెద్దోల్లు వచ్చి ఫోటోలు దిగిపోయినారు, ఒక్కరన్నా కిందికి దిగి సూడల్యా."

నాకు నిరాశ కలిగిందని దాచుకోను. ఇన్నేళ్ళ కల పక్క నదికి పోయింది. కానీ సంతకం పెట్టే వీలు లేదు కదా. జీపు బానెట్ మీద టోపో షీటు పరిచాను. అది ప్రతి వంకనూ నీలి గీతగా చూపించే పెద్ద పటం. నది పుట్టుక వెతకడానికి పద్ధతి ఉంది. చివర నుంచి వెనక్కి రావాలి. రెండు పాయలు కలిసిన ప్రతిచోటా పొడవైన పాయను పట్టుకోవాలి. నీలి గీత ఎక్కడ ఆగిపోతుందో అక్కడికి కాళ్ళతో పోయి చూడాలి. గీత ఒక చిన్న ఊరి పైన, గుట్ట అంచున ఆగింది. ఆ ఊరి పేరు రాయను. రాస్తే వారం తిరక్కుండా జనం ఫోన్లు పట్టుకుని దిగుతారు, ఆ తర్వాత ఏమవుతుందో కోన దగ్గర చూశాను.

ఊరి బయట జీపు ఆపి వంక వెంబడి నడిచాం. రేగుపొదలు, తంగేడు, కానుగ చెట్లు దాటాక వంక కాలువంతయింది, కాలువ నాగటి చాలంతయింది, చివరికి ఒక చేలోకి దూరింది. ఎర్రనేల. వాన వెలిశాక దున్నిన చేను. చేను నడిమధ్య, భుజం మీది టవలు పరిచినంత వెడల్పున ఒక పట్టీ దున్నకుండా వదిలేసి ఉంది. ఆ పట్టీ వంకరలు తిరుగుతూ పైకి పోయింది. చాళ్ళన్నీ ఆ పట్టీ దాకా వచ్చి ఆగి, అవతల మళ్ళీ మొదలయ్యాయి. పట్టీలో గరిక పచ్చగా ఉంది, కాలు పెడితే చెమ్మ. దాని మొదట్లో రొట్టెల పెనమంత గుంత, చుట్టూ పసుపు పూసిన రాళ్ళు. గుంతలో నీళ్ళు కదులుతున్నట్టు కూడా లేవు. వంగి చూస్తే మాత్రం అడుగున ఇసుక రేణువులు మెల్లగా లేచి పడుతున్నాయి.

నేను మోకాళ్ళమీద కూర్చుని అందులో వేలు పెట్టాను. చల్లగా ఉంది. బండ లేదు, చెట్ల నీడ లేదు, పక్షి లేదు. నా కలకు ఇందులో ఏదీ కలవదు. అయినా ఎంతసేపు చూశానో నాకు తెలియదు. కమలాపురంలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పిలుపు అందని నీళ్ళు ఇక్కడ ఇసుకను కూడా సరిగా లేపలేకుండా ఉన్నాయి. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాను. ఓబులేసు అది చూసి అటు తిరిగి నిలబడ్డాడు.

"ఏమప్పా, బోరు బండోల్లా మీరు?"

గట్టుమీద నుంచి ఒక ఆమె అడిగింది. అరవై దాటి ఉంటాయి, చేతిలో కొడవలి, కొంగు నడుముకు చుట్టుకుని ఉంది. ఆ చేను ఆమెదే. పేరు ఎస్తేరమ్మ. భర్త పోయాడు. ఆ చేనే ఆమెకు ఆధారం. మేము బోరు వాళ్ళం కాదని, నీళ్ళు కొలిచే ఆఫీసు నుంచి వచ్చామని ఓబులేసు చెప్పాడు. ఆమె ఇంకా అనుమానంగానే చూసింది. అప్పుడు గమనించాను, గుంతకు పక్కనే సున్నంతో గుర్తు పెట్టిన రాయి ఉంది. నీళ్ళు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడట. ఆ చోటికి రాగానే కాయ లేచి నిటారుగా నిలబడిందట. అక్కడ బోరు వేయడానికి బండి మరుసటి వారం వస్తుంది.

దున్నని పట్టీ గురించి అడిగాను. ఆమె చెప్పింది ఇది. ఆ గీత మీద ఇనుము పెట్టరు. మడక ఉన్న కాలంలో ఎద్దులను ఆపి, మడక ఎత్తి, గీత దాటించి అవతల దించేవాళ్ళు. ఇప్పుడు ట్రాక్టరు వచ్చినా అంతే. కల్టివేటరు, అంటే వెనక ఉండే ఇనుప కొర్రుల చట్రం, గీత దగ్గరికి రాగానే పైకి లేస్తుంది, దాటాక దిగుతుంది. ఎందుకని అడిగితే ఆమెకు తెలియదు.

"మా యత్త సెప్పింది. ఆమెకు ఆమె యత్త సెప్పిందంట. మేము గుడికి పోము సార్, మాది చర్చి. పసుపు పెట్టేది పక్క చేనోల్లు. పసుపు వాల్లది, గీత మాత్రం అందరిది. కింద చేనోల్లు కూడా ఎత్తే దున్నుతారు," అంది. సున్నం గుర్తు వైపు చూసి, "ఇప్పుడు నేనే ఇనుము పెడ్తాండా," అని తల వంచుకుంది.

ఎందుకు పెడుతోందో కూడా చెప్పింది. కొడుకు దావీదు కర్నూలులో గోడలు కట్టే పనికి పోయాడు. వాన నమ్ముకుని ఉండే చేను వాడిని నిలబెట్టలేకపోయింది. బోరు పడితే వచ్చేస్తానన్నాడు. కొడుకు, కోడలు, మనవడు వచ్చి ఇంట్లో ఉంటారు. ఆ ఒక్క ఆశతో ఆమె బోరు మాట్లాడుకుంది. ఆమె అడిగినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ గీత పక్కన తప్ప ఇంకెక్కడా నీళ్ళు చూపించలేదు.

అప్పుడు ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. నా సర్వీసులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న.

"ఈ నీల్లు యాడికి పోతాయి సార్?"

వంకలో కలుస్తాయని ఆమెకు తెలుసు. వంక ఊరు దాటుతుందని తెలుసు. అక్కడితో ఆమె ఎరుక అయిపోయింది. నేను గట్టుమీద కూర్చుని చెప్పాను. ఈ వంకే కుందేరు అవుతుందని, నంద్యాల పక్కగా పోతుందని, కోయిలకుంట్ల నల్లచేలు తడుపుతుందని, కమలాపురం దగ్గర పెన్నలో కలిసి సముద్రానికి పోతుందని. కమలాపురంలో దాని వెడల్పు ఎంతో చెప్పడానికి చేను ఈ చివర నుంచి ఎదుటి గుట్ట మొదలు దాకా చేయి చూపించాను. ఆమె నమ్మలేదు.

"నంద్యాల ఆస్పత్రికి పోయినప్పుడు బస్సు బ్రిడ్జి దాటింది. శానా నీల్లుండె. అది ఇదేనా?" అంది.

ఇదేనన్నాను. ఆమె గుంత వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో సగం నన్ను వెక్కిరించడం.

నేను అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నా దగ్గర ఉత్తర్వు ఉంది, అందులో ఒక షరతు ఉంది. పుట్టుకగా గుర్తించిన చోటు చుట్టూ బోరు వేయనివ్వరు. కావాలంటే ఆ నేలను తీసుకుంటారు కూడా. ఈ సంగతి ఆమెకు చెప్పకుండా పోవడం నాకు చేతకాలేదు, చెప్పాను. ఆమె కొడవలి గట్టుమీద పెట్టింది. గుడిసె నీడలోకి పోయి సద్ది విప్పి, మా ఇద్దరి చేతుల్లో జొన్నరొట్టె, దానిమీద ఊరిమిండి పచ్చడి పెట్టింది. తిన్నాక అంది: "మీ చేతిలో పెన్నుండాది. రాయాల్సింది రాస్తారు. మా వాడు మాత్రం ఇంటికి రాడు."

ఇక నా పక్క సంగతి. బోరు వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ గుట్ట పైభాగం పగుళ్ళున్న గట్టిరాయి. వాన నీళ్ళు ఆ పగుళ్ళలో ఇంకుతాయి. కింద పలకల్లాంటి మెత్తరాయి పొర ఉంది, అది నీళ్ళను దిగనివ్వదు. రెండూ కలిసే చోట నీళ్ళు పక్కకు వచ్చి ఊటగా తేలతాయి. బోరు ఆ పలక పొరకు చిల్లి పెడితే పైన నిలిచిన నీళ్ళు లోపలికి జారిపోతాయి. కొంతకాలం బోరు బాగా పోస్తుంది. ఆ తర్వాత ఊటా ఉండదు, బోరూ ఉండదు. ఖాయంగా ఇట్లాగే జరుగుతుందని ఏ ఇంజనీరూ రాసివ్వలేడు. నేను నా జీతం పందెం కడతాను, అంతవరకు చెప్పగలను.

రాయాలా వద్దా అన్నది తేలకుండానే ఓబులేసును తీసుకుని గుట్ట ఎక్కాను. నీలి గీత చేలో ఆగినా, దాని పైన నేల ఎక్కడిదాకా ఈ వైపుకు వాలుతుందో చూడాలి. సన్నగా తుంపర మొదలైంది. పైన మంచం వేసుకునేంత పెద్ద బండ ఒకటి ఉంది. దానిమీద నిలబడితే తూర్పున కుందేరు పల్లం, పడమర హంద్రీ పల్లం, రెండూ తుంపరలో మసకమసకగా కనిపిస్తున్నాయి. ఊళ్ళ మీద పొగ ఒకే ఎత్తున పరుచుకుని ఉంది. బండమీద పడిన చినుకులు నడుమ సన్నటి గట్టు దగ్గర విడిపోయి, కొన్ని ఇటు, కొన్ని అటు జారుతున్నాయి. ఓబులేసు గొడుగు ఒక పక్కకు వంచాడు. "ఇట్ల వంచితే పెన్నకు సార్." ఇంకో పక్కకు వంచాడు. "అట్ల వంచితే కృష్ణకు." చిన్నపిల్లవాడిలా అట్లా చాలాసేపు వంచుతూ ఉన్నాడు. నేనూ గొడుగు తీసుకుని వంచాను.

ఆ బండమీదే నాకు దారి దొరికింది. నది పుట్టుకను చెప్పడానికి మా వృత్తిలో రెండు పద్ధతులకూ ఒప్పుదల ఉంది. నీళ్ళు మొదట కంటికి కనిపించే ఊట దగ్గర అని చెప్పవచ్చు. లేదా, పొడవైన పాయను పట్టుకుని పోయి, ఆ వాలు మొదలయ్యే మిట్ట మీది బిందువు అని చెప్పవచ్చు. రెండోది రాస్తే పుట్టుక ఈ బండ. ఇది ఎవరి పట్టాలోనూ లేని రాళ్ళ పోరంబోకు, చేనుకు చాలా పైన. షరతు చేనును తాకదు. నివేదికలో రెండో పద్ధతి పట్టుకున్నానని స్పష్టంగా రాశాను. దిగువన చేలల్లో ఊటలు ఉన్నాయని కూడా రాశాను. ఏ చేనో అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

అయితే దీనివల్ల ఊట బతుకుతుందని కాదు. షరతు తొలగిపోయిందంటే బోరు వేసుకోవడానికి ఆమెకు అడ్డు కూడా తొలగిపోయినట్టే. దిగి వచ్చి ఎస్తేరమ్మకు అంతా చెప్పాను. చేను పోదని చెప్పాను. బోరు వేస్తే నా భయం ఏమిటో చెప్పాను. చేను కింది అంచున, గీతకు పక్కగా, ఆ పలకరాయి పైదాకా మాత్రమే బావి తవ్వితే ఆ నీళ్ళే కొన్ని చేరతాయని, నిండినప్పుడు మిగతావి వంకలోకి పోతాయని, కానీ ఒక్క కారు పంటకే, కొంచెం నేలకే సరిపోతాయని దాచకుండా చెప్పాను. రెండు పంటల ఆశ పెట్టుకున్న మనిషికి ఇది ఏమంత తీపి మాట కాదు. ఆమె అన్నీ విని, "సరే సార్, పొద్దు పోతాంది, బయల్దేరండి," అంది. జీపు మలుపు తిరిగేటప్పుడు చూస్తే ఆమె సున్నం గుర్తు దగ్గర నిలబడి ఉంది.

ఎస్.ఈ. గారు కోన పోయిందని మొదట విసుక్కున్నారు. బండ దగ్గరికి తీసుకుపోయి ఒక చెంబుడు నీళ్ళు ఆ గట్టుమీద పోసి చూపించాక మెత్తబడ్డారు. రెండు వైపులా నిలబడి ఫోటోలు దిగారు. ఇప్పుడు అక్కడ మెట్లున్నాయి, కమ్మీలున్నాయి, ఆదివారాలు జనం వస్తారు. కుందేరు ఇక్కడ పుడుతుందని రాయి చెబుతుంది. రాయిలో తప్పేమీ లేదు.

ఆ వారం, ఆ తర్వాత వారం, బోరు బండి వచ్చిందా లేదా అని ఓబులేసును అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే వాడు పోయి కనుక్కుని వస్తాడు. వినే ధైర్యం నాకు లేకపోయింది. రాత్రుళ్ళు పాత కల మళ్ళీ మొదలైంది. ఈసారి కోన లేదు. ఎర్రచేను, రొట్టెల పెనమంత గుంత. వంగి చూస్తే ఇసుక కదలడం లేదు.

రిటైరైన తర్వాత వచ్చిన వానాకాలంలో, ఎవరి ఉత్తర్వూ లేకుండా, బస్సెక్కి ఆ ఊరికి పోయాను. ముందు వంకలోకి చూశాను. సన్నగా నీళ్ళు ఉన్నాయి. వాన నీళ్ళేమో అనుకుని పైకి నడిచాను. చేను కింది అంచున రాళ్ళు పేర్చిన బావి ఉంది, పెద్దది కాదు. నిండి, ఒక మూల నుంచి పొర్లి వంకలోకి పోతోంది. పక్కన ఒక మడి ఉల్లిగడ్డ నారు. నేను గట్టుమీద కూర్చున్నాను.

ఎస్తేరమ్మ నన్ను గుర్తుపట్టింది. బోరు బండి వచ్చిందని, వెనక్కి పంపించేశానని చెప్పింది. అత్త మాటకు భయపడి పంపించావా అని అడిగాను. కాదంది.

"మీరు పోయినాక నిద్ర రాల్యా. ఈ ముసలి సారు అబద్ధం సెప్పినాడేమో, సూసొద్దామని నంద్యాలకు పోయినా. బ్రిడ్జి మీద దిగినా. పొద్దస్తమానం నీల్లనే సూస్తా నిలబడితి. ఎవురో బట్టలు ఉతుక్కుంటాండారు. ఎవురో బర్రెను కడుగుతాండాడు. వాల్లకెవురికీ నేను తెలీదు గదా సార్. ఇంటికొచ్చి బోరు బండి ఆయప్పకు వద్దని సెప్పినా."

దావీదు సంగతి అడిగాను. ఉల్లి పెట్టేటప్పుడు వస్తాడట, పీకేదాకా ఉంటాడట, తర్వాత మళ్ళీ కర్నూలు పోతాడట. "సగం కొడుకు వచ్చినాడు," అంది ఆమె, నవ్వకుండా, ఏడవకుండా. ఆ సగం నా ఎదురుగా బావి దగ్గర పైపు సరిచేస్తున్నాడు.

చేను ఎగువ భాగంలో అప్పుడే ట్రాక్టరు దిగింది. పక్క ఊరి ఖాజా అనే కుర్రవాడు తోలుతున్నాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏదో పాట వింటున్నాడు. గీత దగ్గరికి వచ్చేసరికి అటు చూడనైనా చూడకుండా చేత్తో మీట పైకి లాగాడు. కల్టివేటరు లేచింది. గీత దాటింది. దిగింది. చాలు మళ్ళీ మొదలైంది. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అంతే. ఎందుకు ఎత్తుతున్నావని నేను అడగలేదు.

గేజ్ మీద కనిపించే నీళ్ళు పైవాళ్ళు వాడుకోగా వదిలిన నీళ్ళు. ఇది మా శాఖలో చేరిన మొదటి వారమే నేర్పుతారు. నేనూ కొత్తగా చేరిన వాళ్ళకు ఎంతోమందికి నేర్పాను. ఆ వదిలేవాళ్ళకు పేర్లుంటాయని, అందుకు వాళ్ళు తమది ఏదో వదులుకోవలసి వస్తుందని ఆ చేలో తెలుసుకున్నాను.